ఎడమకాలి విద్య

*కారు నేర్చుకునేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది క్లచ్. బండి పదేపదే ఎందుకు ఆగిపోతుంది? ఆగకుండా కదిలించడం ఎలా? నేర్పేవాళ్లు మార్చుకోవాల్సింది ఏమిటి?*

హైదరాబాద్ శివారు గుండ్లపోచంపల్లి చుట్టూ చాలాచోట్ల ఇళ్లకంటే ముందు రోడ్లు పడ్డాయి. వెంచర్ వేసినవాళ్లు ముప్పై అడుగులో నలభై అడుగులో వదిలి, తారు పరిచి, హద్దురాళ్లు పాతి వెళ్లిపోయారు. ప్లాట్లు కొన్నవాళ్లలో చాలామంది ఇంకా పునాది తీయలేదు. ఒకవైపు మైసమ్మగూడ, దూలపల్లి కాలేజీలు, మరోవైపు అపారెల్ పార్కు, నడుమ సికింద్రాబాద్–మేడ్చల్ రైలు మార్గం. ఇంత సందడి మధ్య పొద్దున్నే ఖాళీగా దొరికే వెంచర్ రోడ్లే ఇక్కడివాళ్లకు డ్రైవింగ్ మైదానాలు.

కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడు, పిల్లలను బడి దగ్గర తానే దింపాలనుకునే తల్లి, రిటైరయ్యాక మొదటి కారు కొన్న పెద్దాయన. వయసులు వేరైనా అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ఫస్ట్ గేరు వేస్తారు, క్లచ్ వదులుతారు, బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోతుంది. మళ్లీ తాళం తిప్పుతారు. మళ్లీ అదే ఊపు.

వెంచర్‌లో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. కొంపల్లి, సుచిత్రల మీదుగా నగరంలోకి వెళ్లాలంటే దాని మీదికి ఎక్కాల్సిందే. అక్కడ వాహనాల వరుసలో బండి ఆగిపోతే వెనక నుంచి హారన్లు మొదలవుతాయి. కాళ్లు వణుకుతాయి. ఆ కంగారులో మళ్లీ ఆగుతుంది. అలా ఒకటి రెండుసార్లు జరిగాక లైసెన్సును బీరువాలో పెట్టేసి, "నాతోని కాదు" అని తేల్చేసుకున్నవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. వాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. మీకు డ్రైవింగ్ రాకపోవడం కాదు, మీ ఎడమకాలికి ఎవరూ చదువు చెప్పలేదు. ఆ చదువు ఏ వయసులోనైనా వస్తుంది.

ఇంజిన్ ఎందుకు ఆగుతుంది?

స్టార్ట్ చేసిన ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కకపోయినా నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం బాగా పడిపోతే సిలిండర్‌లోకి వచ్చిన తర్వాతి విడత గాలిని నొక్కే సత్తువ దానికి ఉండదు. అప్పుడు ఆగిపోతుంది. చక్రాలేమో కదలకుండా ఉన్నాయి. తిరుగుతున్న ఇంజిన్‌నూ నిలిచి ఉన్న చక్రాలనూ కలిపే బాధ్యత క్లచ్‌ది.

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాని పక్కన రెండువైపులా రాపిడి పొర అతికించిన క్లచ్ ప్లేటు, దాని వెనక ప్రెషర్ ప్లేటు. పెడల్ పూర్తిగా తొక్కితే క్లచ్ ప్లేటు విడిపోతుంది, ఇంజిన్ బలం గేర్‌బాక్సుకు చేరదు. వదిలేకొద్దీ స్ప్రింగు ఆ ప్లేటును ఫ్లైవీల్‌కు అదుముతుంది. పూర్తిగా అతుక్కునే ముందు ప్లేటు కాసేపు జారుతూ, రాసుకుంటూ తిరుగుతుంది. మన మెకానిక్కులు, డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది దీన్నే. కారు కదలడమంతా ఈ జారుడులోనే జరుగుతుంది.

ఎంతసేపు జారనివ్వాలి? చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. చిన్న కార్లలో ఫస్ట్ గేరులో ఇంజిన్ ఇంచుమించు 15 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 800 చుట్లను 15తో భాగిస్తే చక్రానికి నిమిషానికి 53 చుట్లు. చక్రం చుట్టుకొలత 1.7 మీటర్లు అనుకుంటే గంటకు 5 కిలోమీటర్ల పైచిలుకు వేగం. మనిషి చురుగ్గా నడిచే వేగమది. కారు ఆ వేగం అందుకునేదాకా ఇంజిన్‌కూ చక్రాలకూ లెక్క కుదరదు. అందాక ప్లేటు జారాల్సిందే. మనం తొందరపడి పెడల్ వదిలేస్తే, కదలని చక్రాల భారమంతా ఒక్కసారిగా ఇంజిన్ మీద పడి దాన్ని ఆపేస్తుంది.

కదులుతున్న సిటీ బస్సు ఎక్కేవాడు కడ్డీ పట్టుకుని నాలుగడుగులు బస్సుతోపాటు పరుగెత్తి, వేగం కలిశాకే మెట్టు మీద కాలు పెడతాడు. క్లచ్ ప్లేటుకు కూడా ఆ నాలుగడుగుల పరుగు కావాలి. సమతలం మీద అది రెండు మూడు సెకన్ల పని. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే పెడల్ వదిలేస్తారు. బండి కాస్త కదలగానే పనైపోయిందని కాలు ఎత్తేస్తారు.

పక్క సీటులో ఉన్న కాలు

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల వైపు కూడా పెడల్స్ ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం శిక్షణ వాహనానికి ఈ ఏర్పాటు తప్పనిసరి. ప్రాణాలు కాపాడే ఏర్పాటు, ఉండి తీరాలి. అయితే దానివల్లే ఒక చిక్కు కూడా వస్తోంది. మొదటిరోజే ట్రాఫిక్‌లోకి తీసుకెళ్తే నేర్పేవాళ్లకు వేరే దారి ఉండదు. బండి ఆగబోతుంటే తామే క్లచ్ తొక్కేస్తారు. స్టీరింగ్ తిప్పుతున్నది మనం, బండిని ఆగకుండా నడుపుతున్నది పక్క సీటు. ఇన్ని రోజులూ ఒక్కసారీ ఆగలేదు కదా, వచ్చేసిందనుకుంటాం. కోర్సు ముగిసి సొంత కారులో కూర్చున్న రోజున ఆ రెండో కాలు ఉండదు. అసలు చదువు ఆ రోజు మొదలవుతుంది, అదీ ఎవరూ పక్కన లేకుండా.

అదే నిబంధనలు కారు నేర్పే స్కూలుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో కనీసం 10 గంటల అసలు డ్రైవింగ్ ఉండాలంటున్నాయి. ఈ పది గంటల్లో మొదటి ఒకటి రెండు గంటలు పూర్తిగా క్లచ్‌కే ఇస్తే మిగతా ఎనిమిది గంటలూ ఫలిస్తాయి. గేర్లు, మలుపులు, పార్కింగ్ అన్నీ దాని మీద ఆధారపడినవే. ఎడమకాలు తడబడుతుంటే మనసంతా దాని మీదే ఉంటుంది. అద్దాలు చూడటం, పక్కనుంచి దూసుకొచ్చే బైకును గమనించడం కుదరదు. కాబట్టి క్లచ్ పట్టు రావడం రోడ్డు భద్రతకు సంబంధించిన సంగతి కూడా.

కాలికి నేర్పే పద్ధతి

ముందు సీటు సరిచూసుకోవాలి. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. మరీ చాచుకుంటే కాలివేళ్లతో అదుపు చేయలేం. మందపాటి అడుగున్న చెప్పులు, జారిపోయే చెప్పులు వద్దు. పెడల్ స్పర్శ పాదానికి తెలియాలి.

తర్వాత ఖాళీగా, సమంగా ఉన్న రోడ్డు మీద కుడికాలు బ్రేకు మీద ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయాలి. బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్ ఒక్కటే కొంచెం కొంచెంగా పైకి రానివ్వాలి. ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు పుడుతుంది, బండి ముందుకు జరగాలని చూస్తుంది. అనుభవమున్న గురువు అక్కడ "ఇగో, ఆడనే పట్టు! ఇడువకు!" అంటాడు. ఆ ఒక్క మాటలో పాఠమంతా ఉంది. కాలు అక్కడే నిలపాలి. బండి నడక వేగం అందుకున్నాక మిగతా పెడల్ మెల్లగా వదలాలి.

ఇప్పటి పెట్రోలు కార్లలో ఇంజిన్ వేగం తగ్గుతుంటే కంప్యూటర్ తనంతట తానే కాస్త గాలి, ఇంధనం పెంచుతుంది. అందుకే యాక్సిలరేటర్ లేకుండానే సమతలం మీద బండి కదులుతుంది. ఇలా పదేపదే కదిలించి, ఆపి, మళ్లీ కదిలిస్తుంటే ఆలోచన అవసరం లేకుండానే కాలు ఆ చోటును వెతుక్కుంటుంది. రివర్సు గేరులోనూ ఇదే సాధన చేయాలి. ఆ తర్వాతే కుడికాలికి పని చెప్పాలి. ఏసీ వేసి నలుగురు కూర్చున్న చిన్న కారుకు కదిలేటప్పుడు కొద్దిగా రేస్ కావాలి. ముందు కాస్త రేస్ ఇచ్చి ఆ చప్పుడు నిలకడగా ఉంచి, తర్వాత క్లచ్ వదలడం మంచి అలవాటు.

ఒక కారులో పట్టిన చోటే మరో కారులో పట్టదు. అరిగిన క్లచ్ చాలా కార్లలో పెడల్ బాగా పైకి వచ్చాక పడుతుంది. కొత్త కారులో కిందనే పట్టవచ్చు. స్కూలు కారులో బాగా నడిపినవాళ్లు సొంత కారులో తడబడటానికి ఇదొక కారణం. ఏ కారెక్కినా బయల్దేరే ముందు ఒకసారి ఆ చోటు చూసుకుంటే సరిపోతుంది.

ఎత్తు మీద పరీక్ష

సమతలం మీద ధైర్యంగా నడిపినవాళ్లు కూడా ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే బెదిరిపోతారు. మనుషులతో కలిపి 900 కిలోలు తూగే కారు, పది మీటర్లకు మీటరు లేచే ఎత్తు మీద నిలబడితే, దాదాపు 90 కిలోల బరువు దాన్ని వెనక్కి లాగుతున్నట్టే. బ్రేకు మీది కాలు యాక్సిలరేటర్ మీదికి మారే లోపు బండి జారుతుంది. ఆ భయంతో క్లచ్ వదిలేస్తాం, బండి ఆగుతుంది.

దీనికి హ్యాండ్ బ్రేకును మించిన మందు లేదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, ఫస్ట్ గేరులో కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్ పట్టే చోటుకు తేవాలి. కారు ముందుభాగం కొద్దిగా లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించితే బండి వెనక్కి పోకుండా ముందుకే కదులుతుంది. లైసెన్సు పరీక్షలో అభ్యర్థి వాలు ఎక్కువున్న ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలగాలని 1989 నిబంధనల్లోనే రాశారు. ఇది తెలియనివాడి చేతిలో బండి వెనకున్న స్కూటర్‌కు ప్రమాదమని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు.

ఎత్తు మీద బ్రేకు లేకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టి ఉంచే అలవాటు చాలామందికి ఉంది. అలా ఉంచినంతసేపూ ప్లేటు రాసుకుంటూ కాలుతుంది. మాడు వాసన వచ్చిందంటే అదే. నడిపేటప్పుడు ఎడమకాలు పెడల్ మీదే ఆనించి ఉంచడమూ అంతే నష్టం. జారుడు కదిలించడానికి మాత్రమే, నిలబెట్టడానికి బ్రేకులున్నాయి.

ఆగిపోతే ఏం చేయాలి?

ముందు బ్రేకు. తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి, న్యూట్రల్ చేసి, స్టార్ట్ చేయాలి. ఆలస్యమయ్యేలా ఉంటే నాలుగు ఇండికేటర్లూ వేయాలి. అద్దాలు చూసుకుని మళ్లీ మొదటి నుంచి కదిలించాలి. ఇదంతా కొద్ది సెకన్ల పని. ఇంటి దగ్గర ఆపి ఉంచిన బండిలో ఈ వరుసను కాళ్లకు అలవాటు చేస్తే రోడ్డు మీద మెదడు మొద్దుబారినా కాళ్లు పని చేసుకుపోతాయి.

వెనకున్నవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. ముందు కారు మీద తెల్లటి పలక, దాని మీద ఎర్రటి ఎల్ అక్షరం కనిపిస్తే, ఎత్తు మీద కాస్త ఎక్కువ దూరం వదిలి ఆగండి. హారన్ కొడితే ఆ కారు త్వరగా కదలదు, ఇంకోసారి ఆగుతుంది. స్టీరింగ్ దగ్గర ఆడమనిషి కనిపిస్తే వెంటనే వెక్కిరింపు మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంజిన్‌కు పెడల్ ఎంత వేగంగా లేచిందన్నదే లెక్క, తొక్కింది ఎవరన్నది కాదు.

ఆటోమేటిక్ వచ్చాక ఇంకా ఎందుకు?

2014లో మారుతి సెలెరియో ఏఎంటీ అనే ఆటోమేటిక్ గేర్లతో వచ్చాక తక్కువ ధరలోనూ క్లచ్ పెడల్ లేని కారు దొరుకుతోంది. ఎలక్ట్రిక్ కార్లలో ఆ పెడలే ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రోజూ గంటలకొద్దీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లకు అది మంచి ఎంపిక. కానీ ఏఎంటీలో కూడా క్లచ్ ప్లేటు ఉంది. దాన్ని మన కాలికి బదులు యంత్రం వదులుతుంది. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెడితే అక్కడా ప్లేటు వేడెక్కుతుంది. పని తెలిసినవాడు ఏ కారునైనా పాడుచేయకుండా నడుపుతాడు.

పైగా సెకండ్ హ్యాండ్‌లో దొరికే తక్కువ ధర కార్లు, ట్యాక్సీలు, సరుకు బండ్లలో గేర్లవే ఎక్కువ. డ్రైవింగ్‌తో బతకాలనుకునే యువకుడికి క్లచ్ పట్టు జీవనాధారం. బ్రిటన్ వెళ్లే మన పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. అక్కడ ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇస్తే ఆ లైసెన్సుతో గేర్ల కారు నడపడానికి వీల్లేదు. అన్నిటికీ మించి, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే వాకిట్లో ఉన్న కారు ఏదైతే దాన్నే తీయాలి.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. పక్కా లైసెన్సు పరీక్షకు 30 రోజులు దాటితే వెళ్లవచ్చు. ముప్పయ్యో రోజు కోసం తొందరపడకండి. లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎల్ బోర్డు పెట్టుకుని, దగ్గర్లోని ఖాళీ రోడ్డు మీద పొద్దున్నే సాధన చేయండి. స్కూలులో చేరినవాళ్లు కోర్సు ముగిసేలోపు ఒక్క కోరిక కోరండి: "సార్, ఇయ్యాల మీరు క్లచ్ ముట్టొద్దు. బ్రేకు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి." నేర్పేవాళ్లు కూడా ఎవరూ అడగకముందే ఆ పని చేయాలి. ఆరోజు బండి నాలుగుసార్లు ఆగవచ్చు, ఆగనివ్వండి. ప్రమాదం లేనిచోట, పక్కన గురువుండగా ఆగిన ప్రతిసారీ కాలు ఒక పాఠం నేర్చుకుంటుంది. పక్క సీటు సాయం లేకుండా సమతలం మీదా ఎత్తు మీదా బండిని కదిలించగలిగిన రోజే కోర్సు పూర్తయిందని లెక్క. ఫీజు కట్టినవాళ్లకు అది అడిగి తీసుకునే హక్కుంది.