ఆటల రోబోలు, మన పిల్లల తెలుగు

వినోదం కోసమే తయారుచేసే రోబోలని ఎంటర్‌టైన్‌మెంట్ రోబోలు అంటారు. మనం ఆటల రోబోలు అనుకుందాం. ఫ్యాక్టరీలో కార్లకి వెల్డింగ్ చేసే రోబోకి, ఇల్లు ఊడ్చే రోబోకి ఒక పని ఉంటుంది. ఆటల రోబోకి మనతో ఆడటం, మాట్లాడటం, నవ్వించడమే పని. క్లైడ్ నార్త్‌లో మన బడికి వచ్చే పిల్లల నోట కూడా ఇప్పుడు వీటి మాట వినిపిస్తోంది. "పుట్టినరోజుకి రోబో కావాలంటున్నాడు, కొనొచ్చా?", "దానితో అంతా ఇంగ్లీషే మాట్లాడుతుంది, ఉన్న కాస్త తెలుగూ పోతుందేమో?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. టీచర్లు జవాబు చెప్పడానికి వీలుగా కొన్ని విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

బొమ్మకీ రోబోకీ తేడా

కీ ఇస్తే డప్పు కొట్టే కోతిబొమ్మ ఎదురుగా ఎవరున్నా ఒకేలా కొడుతుంది. తోలుబొమ్మ ఆడుతుంది గానీ, ఆడించే మనిషి తెర వెనక ఉంటాడు. రోబోలో మూడు భాగాలు కలిసి పనిచేస్తాయి. చూడటానికి, వినడానికి, స్పర్శ తెలియడానికి సెన్సర్లు. వాటి నుంచి వచ్చినదాన్ని బట్టి ఏం చెయ్యాలో తేల్చే ప్రోగ్రాం. కదలడానికి మోటార్లు. చప్పుడు విని తల తిప్పినా, బల్ల అంచు దాకా వచ్చి తనంతట తనే ఆగినా అది రోబో కిందే లెక్క.

ఈమధ్య వచ్చే మాట్లాడే రోబోల్లో చాలావాటికి ఇంటర్నెట్ కూడా కావాలి. పిల్లవాడి మాట కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, జవాబు అక్కడినుంచి వస్తుంది. తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ఎంతగా వ్యాపించాయి?

1998లో వచ్చిన ఫర్బీ అనే బొచ్చుబొమ్మ మొదటి మూడేళ్ళలో సుమారు 4 కోట్లు అమ్ముడుపోయింది. 1999లో సోనీ కంపెనీ ఐబో అనే రోబో కుక్కని తెచ్చింది. ధర 2,50,000 యెన్‌లు. అయినా జపాన్ కోసం ఉంచిన 3,000 ఐబోలు 20 నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపేసి, 2018లో కొత్త ఐబోని మళ్ళీ అమ్మకానికి పెట్టారు. మన దేశం నుంచి ముంబై సంస్థ తయారుచేసే మికో ఉంది. పారో అనే సీల్ పిల్ల రోబోని ఆస్ట్రేలియాతో సహా చాలా దేశాల్లో మతిమరపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళ దగ్గర వాడి చూశారు. ఆస్ట్రేలియా పాఠ్యప్రణాళికలో డిజిటల్ టెక్నాలజీస్ ఒక సబ్జెక్టు కావడంతో, బాణం గుర్తుల బటన్లు నొక్కితే నడిచే బీ-బాట్ లాంటివి ప్రైమరీ తరగతుల్లోకీ వచ్చేశాయి.

కొనేముందు ఆలోచించాల్సినవి

మొదటిది, ఇంటి మాటలు బయటికి పోవడం. కేలా అనే మాట్లాడే బొమ్మని రహస్యంగా వినే పరికరంగా లెక్కగట్టి 2017లో జర్మనీ నిషేధించింది.

రెండోది, కంపెనీ మూతపడటం. పిల్లల కోసం చేసిన మాక్సీ అనే రోబో ధర అప్పట్లో 799 అమెరికన్ డాలర్లు ఉండేది. మూసేస్తున్నామని, సర్వర్లు ఆగితే రోబో కూడా పనిచేయదని దాని కంపెనీ 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. బొమ్మే గదా అని మనం తేలిగ్గా అనుకుంటాం గానీ, పిల్లలకి అది స్నేహితుడు. జపాన్‌లో రిపేరు దొరకని పాత ఐబోలకి 2015 నుంచి ఒక బౌద్ధాలయంలో అంత్యక్రియలు కూడా జరిపించారు. పెద్దవాళ్ళే అంత ముడిపడిపోతే చిన్నపిల్లల సంగతి చెప్పాలా!

మూడోది భాష. పిల్లలు ఎవరితో ఎక్కువ మాట్లాడితే వాళ్ళ భాషే నిలుస్తుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 59 వేల పైచిలుకు. ఇంట్లో మాట్లాడే కాసేపట్లో కొంత ఇంగ్లీషు రోబోకి ఇచ్చేస్తే, తగ్గేది తెలుగు మాటలే.

మెయిట్‌లాండ్ పిల్లలు చేసిన పని

అలాగని రోబోలని దూరం పెట్టాల్సిన పనిలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని యార్క్ ద్వీపకల్పంలో మెయిట్‌లాండ్ అనే ఊరుంది. నరుంగ్గ ఆ ప్రాంతపు ఆదివాసుల భాష, మాట్లాడేవాళ్ళు చాలా తగ్గిపోయారు. అక్కడి లూథరన్ స్కూల్‌కి 58 సెంటీమీటర్ల ఎత్తుండే నావో అనే రోబోని ఇచ్చినప్పుడు, పిల్లలు దానిచేత నరుంగ్గ మాటలు పలికించారు. రోబోకి ఆ భాష రాదు. కాబట్టి ఏ మాట ఎలా పలకాలో ముందు పిల్లలు సరిగ్గా తెలుసుకుని, అలా పలికేట్టు ప్రోగ్రాం రాయాలి. రోబోకి నేర్పడం కోసం వాళ్ళు తమ ప్రాంతపు భాషని శ్రద్ధగా విన్నారు. మనకి పనికొచ్చేది ఈ పద్ధతే: రోబో పిల్లలకి తెలుగు నేర్పదు, పిల్లలే రోబోకి నేర్పాలి.

మన తరగతిలో ఇలా చెయ్యొచ్చు

రోబో కొనక్కర్లేదు. ఒక పిల్లవాడు రోబో అవుతాడు, మిగతావాళ్ళు తెలుగులోనే ఆజ్ఞలివ్వాలి. "రెండు అడుగులు ముందుకు వెయ్యి", "ఎడమకి తిరుగు", "పెన్సిల్ తీసి అక్కకి ఇవ్వు". ఆజ్ఞ తప్పయితే రోబో కదలకూడదు. కుడి ఎడమలు, అంకెలు, విభక్తులు ఆటలోనే వచ్చేస్తాయి.

తర్వాత ఆ రోబో బామ్మగారని చెప్పండి. "తిరుగు" కాస్తా "తిరగండి" అవ్వాలి. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే కాబట్టి ఇక్కడ పెరిగే పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ నువ్వు, మీరు దగ్గరే.

పెద్ద తరగతులకైతే ఒక ప్రశ్న వెయ్యండి: రోబో "వచ్చాడు" అనాలా, "వచ్చింది" అనాలా? 2010లో వచ్చిన రోబో సినిమాలో చిట్టిని ఏమన్నారు, ఇంట్లో వాక్యూమ్ రోబోని ఏమంటాం? వాదించుకోనివ్వండి, కానీ తెలుగులోనే.

ఇంట్లో ఇప్పటికే మాట్లాడే రోబో ఉంటే, భోజనాల దగ్గర, నిద్రపోయే ముందు దాన్ని ఆపెయ్యండి. ఇండియాకి ఫోన్ చేసినప్పుడు, రోబో ఏమేం చేస్తుందో తాతయ్యకి తెలుగులో వివరించే పని పిల్లలకే అప్పజెప్పండి. తాతయ్య ఎలాగూ పది ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబులు వెతుక్కోవడం ఆ వారానికి మంచి హోంవర్క్.