వెనక్కి తిరగడమూ ఓ విద్యే!

2014 మే 25, ఆదివారం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరంపై నిల్చుంది. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అదేరోజు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా అక్కడికి చేరుకున్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. కూలి చేసుకునే కుటుంబంలో పుట్టిన అమ్మాయి ప్రపంచపు నెత్తిన జెండా పట్టుకున్న ఫొటో చూసి తెలుగువాళ్లంతా మురిసిపోయారు.

సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8. అదీ ఆదివారమే. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలి వెళ్తూ హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లా థలౌట్ దగ్గర ఆగారు. రోడ్డు పక్కనే బియాస్ నది. నీళ్లు తక్కువగా ఉన్నాయి. బండరాళ్ల మీదికి వెళ్లి ఫొటోలు దిగుతున్నారు. ఎగువనున్న లార్జి జలవిద్యుత్తు ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. చూస్తుండగానే నది పొంగింది... 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వారితోపాటే యాత్ర నిర్వాహకుడు కూడా. కొందరి మృతదేహాల కోసం కన్నవాళ్లు వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఎవరెస్టు ఎక్కిన పిల్లలు క్షేమంగా తిరిగొచ్చారు. రోడ్డు పక్కన ఆగిన పిల్లలు రాలేదు. అందులో అదృష్టం పాలు లేదని ఎవరూ అనలేరు. కానీ ఒక తేడా మాత్రం కళ్లకు కడుతుంది. ఆ ఇద్దరికీ తాము వెళ్లే చోట ఏది ప్రాణం తీస్తుందో ముందే నేర్పారు. ఈ 24 మందికీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

భువనగిరి బండే బడి

ఎవరెస్టుకు దారి భువనగిరి కోట బండ దగ్గర మొదలైంది. వందమందికి పైగా గురుకుల విద్యార్థులకు అక్కడ రాతికొండ ఎక్కడంలో శిక్షణ ఇచ్చారు. వారిలోంచి 20 మందిని డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కణ్నుంచి తొమ్మిది మంది గడ్డకట్టే చలిలో లడఖ్ వెళ్లారు. చివరికి మిగిలింది ఇద్దరు. అప్పటికే ఎవరెస్టు ఎక్కివచ్చిన శేఖర్‌బాబు వాళ్ల శిక్షకుడు.

ఇలాంటి బడుల్లో మొదటి పాఠం ఎక్కడం కాదు... తాడు. ముడి వేయడం, వేసిన ముడిని పక్కవాడితో సరిచూపించుకోవడం. ఎంత అనుభవం ఉన్నా సరే, ఇద్దరూ ఒకరి ముడిని ఒకరు చూడనిదే అడుగు కదపకూడదు. మంచుకొండల్లో అయితే జారిపడటాన్ని కూడా నేర్పుతారు! కావాలనే వాలు మీద జారి, చేతిలోని మంచుగొడ్డలిని గుచ్చి ఆగాలి. తలకిందులుగా, వెల్లకిలా... ఎలా పడ్డా చెయ్యి దానంతటదే పనిచేసేదాకా పదేపదే పడాల్సిందే. అసలైన రోజున ఆలోచించేంత వ్యవధి ఉండదు మరి.

నాకేం కాలేదంటే నమ్మొద్దు

ఎవరెస్టు కొసన గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడోవంతే. ఒక్కో శ్వాసకూ అందే ఆక్సిజనూ అంతే. 8000 మీటర్లు దాటితే దాన్ని మృత్యుమండలం అంటారు. అక్కడ ఒంటికంటే ముందు దెబ్బతినేది బుద్ధి. మెదడులో నీరు చేరినవాడు తూలుతుంటాడు, మాట ముద్దగా వస్తుంటుంది, కానీ ‘నాకేం కాలేదు, పదండి’ అంటాడు. అందుకే శిక్షకులు పిల్లలకు ఓ చిన్న పరీక్ష నేర్పుతారు. అనుమానం వచ్చినవాణ్ని మడమకు వేలు తాకేలా గీత మీద నడవమంటారు. తడబడ్డాడా... వాడి మాట వినక్కర్లేదు, వెంటనే కిందికి దించాలి. మందులకన్నా ముందు చేయాల్సింది అదే.

నిర్ణయం కొండ మీద కాకుండా కిందే, బుర్ర చురుగ్గా ఉన్నప్పుడే తీసుకోవాలనేది ఇందుకే. 1996 మే 10న న్యూజిలాండ్‌కు చెందిన రాబ్ హాల్ తన బృందానికి గడువు పెట్టాడు. మధ్యాహ్నం రెండయితే శిఖరం ఎంత దగ్గరున్నా వెనుదిరగాలి. బృందంలో ముగ్గురు దారిలో రద్దీ చూసి, వేళకు చేరలేమని లెక్కవేసుకుని మధ్యాహ్నం కాకముందే తిరుగుముఖం పట్టారు. బతికారు. గడువు పెట్టిన హాల్ మాత్రం వెనకబడిన సహచరుడి కోసం నాలుగు దాటేదాకా పైనే ఉండిపోయాడు. సాయంత్రం తుపాను విరుచుకుపడింది. ఆయనతో సహా ఎనిమిదిమంది పోయారు. అందులో ముగ్గురు మన ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసులు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. పూర్ణ, ఆనంద్ వెళ్లిందీ ఆ వైపు నుంచే. నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనిదే అనుమతి లేదు. దారిలో మృతదేహాలను చూశానని పూర్ణ తర్వాత చెప్పింది.

పదమూడేళ్ల పిల్లను అక్కడికి పంపడం సబబేనా? అప్పట్లో చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. శిక్షణ ఉంటే ప్రమాదం ఉండదనుకోవడం పొరపాటు. 2022 అక్టోబరులో ఉత్తరకాశీ దగ్గర శిక్షణలో ఉన్నవాళ్ల మీదే మంచుచరియ పడి పాతికమందికి పైగా చనిపోయారు. పూర్ణ మాత్రం ఆగలేదు. అదే ఏడాదికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ పూర్తిచేసింది.

నది సంగతి చెప్పేదెవరు?

మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కరు. కానీ దాదాపు అందరూ విహారయాత్రకు వెళ్తారు. హిమాలయాల్లో పుట్టిన నది మన ఊరి వాగులాంటిది కాదు. ఎండ కాసినరోజు మంచు కరిగి పొద్దుటికన్నా సాయంత్రం నీళ్లు పెరుగుతాయి. పైన ఆనకట్ట ఉంటే చినుకు పడకపోయినా పొంగుతుంది. నీళ్ల శబ్దం మారినా, తేటనీరు బురదగా మారినా, రాయి మీద తడి గీత పైకి జరిగినా బట్టలూ చెప్పులూ వదిలేసి గట్టెక్కాలి. ఇదంతా బోధించడానికి అరగంట చాలు. బియాస్ దుర్ఘటనలో తప్పు పిల్లలది కాదు. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపుతూ ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. ఆ అరగంట పాఠానికి బదులు అందింది అదీ.

యాత్రకు ముందు కాలేజీ నుంచి ఓ కాగితం వస్తుంది. ‘మా ఇష్టప్రకారమే పంపుతున్నాం’ అని ఉంటుంది. మనం సంతకం పెట్టేస్తాం. దాని వెనకవైపు ఖాళీయే కదా... ఈసారి అక్కడ నాలుగు ముక్కలు రాసి పంపండి. దారిలో ఎక్కడెక్కడ ఆగుతారు? అక్కడ నదిగానీ సముద్రంగానీ ఉందా? ఆ చోటు గురించి తెలిసిన స్థానికులెవరైనా వెంట ఉంటారా? ఇక చాలు, బయటికి రండి అని చెప్పే అధికారం ఎవరిది?