పెద్దల ప్రక్కన పరుగు

పండుగనాడు పరుగుపందెమేమిటని మనకు వింతగా తోచవచ్చును. పండుగ అనగానే తలంటు, క్రొత్త బట్టలు, పిండివంటలు, చుట్టపక్కాలు మన మనస్సుకు వస్తాయి. కాని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మాంచెస్టర్ అనే పట్టణం ఒకటి ఉన్నది. ఒకప్పుడు పట్టుమిల్లులకు పేరుపడిన ఊరు. నవంబరు మాసంలో నాలుగవ గురువారం వచ్చే థాంక్స్ గివింగ్ ఆ దేశంలో పెద్ద పండుగ. ఇంటిల్లిపాది కూర్చుండి విందారగించడం ఆనాటి ఆచారం. మాంచెస్టర్ వారు మాత్రం విందుకు ముందు, ఉదయపు చలిలో, తమ మెయిన్ వీధిలో చేరి పరుగెత్తుతారు. 1927లో కొద్దిమందితో ఆరంభమైన ఈ పందెంలో ఇటీవలి సంవత్సరాలలో వేలకు వేలు పాల్గొంటున్నారు. దూరం 4.748 మైళ్లు; అనగా నాలుగు ముప్పాతిక మైళ్లకు రవంత తక్కువ.

ఇన్నివేలమందిలో గెలుపు మీద ఆశ పెట్టుకోగలవారిని వ్రేళ్లపై లెక్కించవచ్చును. మరి తక్కినవారు ఎందుకు పరుగెత్తుతున్నట్లు? గుంపును కొంచెం పరికించి చూస్తే సమాధానం దొరుకుతుంది. తండ్రి ప్రక్కన కొడుకు, తాత ప్రక్కన మనుమరాలు, వయస్సులో పెద్దవాడైన మిత్రుని ప్రక్కన చిన్నవాడు. వీరి పందెం ఒకరితో ఒకరికి కాదు. ఒకరికొకరు తోడుగా సాగే పరుగు అది.

తోడుగా పరుగెత్తడం చెప్పినంత సులభం కాదు. చిన్నవాని కాళ్లు ముందుకు లాగుతుంటాయి. వయస్సు పెరిగినకొద్దీ గుండె అత్యధికంగా కొట్టుకోగల వేగం తగ్గుతుంది. ఎంత సాధన చేసినవారికైనా ఇది తప్పదు. కాబట్టి వేగాన్ని నిర్ణయించవలసినవాడు పెద్దవాడే. చిన్నవాడు ఒక్క అడుగు ముందు నడిచినా, మాటిమాటికి వెనుదిరిగి చూచినా, ఆ తోడు జాలిగా మారిపోతుంది. జాలిని మించిన అవమానం పెద్దవారికి లేదు. మాట తెగకుండా పోగలిగిన వేగమే ఇద్దరికీ సరియైన వేగమని అనుభవజ్ఞులు చెబుతారు. మాంచెస్టర్ పందెంలో రెండవ మైలు హైలాండ్ వీధి మెరక. మెయిన్ వీధిలో ఉరికిన పిల్లలు అక్కడ రొప్పుతుంటారు. పెద్దవాని ప్రక్కన నిదానంగా వచ్చినవానికి, తాను పోగొట్టుకున్నానని అనుకొన్న వేగం ఎందుకు దాచవలసినదో అప్పుడు బోధపడుతుంది.

ఈ విద్యను ఎరిగిన ఉపాధ్యాయుడు ఒకరు ఆ రాష్ట్రంలోనే ఉండినారు. ఆయన పేరు జాన్ జె. కెల్లీ. 1930లో జన్మించినారు. గ్రోటన్ అనే ఊరి హైస్కూలులో ఆంగ్లం బోధిస్తూ, పిల్లలకు పరుగు నేర్పేవారు. 1957లో బోస్టన్ మారథాన్ గెలిచిన వీరుడాయన. అంతటివాడు ఈల నోట పెట్టుకొని, గడియారం చేత బట్టుకొని ఒడ్డున నిలువలేదు. పొలాల గట్ల వెంట, అడవి బాటల వెంట పిల్లలతో కలిసి తానూ పరుగెత్తినారు. ఉపాధ్యాయుడు చెప్పే మాటకంటె ఆయన ఊపిరి దగ్గరగా వినిపించడం శిష్యులకు పెద్ద పాఠం.

కెల్లీకి తోడు విలువ పుస్తకాలలో తెలిసినది కాదు. 1961 ఏప్రిల్‌లో బోస్టన్ పందెం జరుగుతుండగా ఒక కుక్క అడ్డుపడి ఆయన రోడ్డుమీద పడిపోయినారు. ప్రక్కనే వస్తున్న ఫ్రెడ్ నారిస్ ఆగి, ఆయనను లేవదీసి నిలబెట్టినాడు. నారిస్ ఒకప్పుడు ఇంగ్లండులో బొగ్గుగని కార్మికుడు. అప్పటికి ముప్పది తొమ్మిదేండ్లవాడు. కెల్లీకంటె తొమ్మిదేండ్లు పెద్ద. ఆ పందెంలో ఫిన్లండు దేశీయుడు ఐనో ఒక్సానెన్ గెలిచినాడు. కెల్లీ రెండవవాడు, నారిస్ మూడవవాడు. ఆగకుండా పోయినట్లయితే నారిస్ స్థానం ఏమై ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆయన ఆగిన సంగతి మాత్రం నేటికీ చెప్పుకొంటున్నారు.

అదే సంవత్సరం నవంబరులో మాంచెస్టర్ పండుగ పందెంలో మరొక విశేషం జరిగినది. దూరపు రోడ్డు పందేలలో స్త్రీలను చేర్చుకొనరాదని ఆనాటి నిబంధన. గ్రోటన్ ప్రాంతపు అమ్మాయి, పందొమ్మిదేండ్ల కళాశాల విద్యార్థిని జూలియా చేజ్ ఆ నిబంధనను లెక్కచేయక పరుగెత్తి, పందెం పూర్తిచేసినది. ఏబదియేండ్ల తరువాత, 2011లో, ఆమె మళ్లీ అదే వీధులలో పరుగెత్తినది. నాడు ఊరిలో అందరికంటె వింతగా కనిపించిన పిల్ల, నేడు తన వెంట వచ్చే యువతులకు పెద్దదిక్కు.

కెల్లీ శిష్యులలో ఆంబీ బర్ఫూట్ అనే సన్నని కుర్రవాడు ఒకడు. 1963లో మొదటిసారి మాంచెస్టర్ పందెంలో పాల్గొన్నాడు. తరువాత ఆ పందెం తొమ్మిదిసార్లు గెలిచినాడు. 1968 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ కూడ గెలిచినాడు. 1957లో గురువు గెలిచిన పిదప పదునొకండేండ్లపాటు ఏ అమెరికనుకూ దక్కని గెలుపది. దక్కించుకొన్నవాడు ఆ గురువు శిష్యుడే. కళాశాలలో బర్ఫూట్‌తో ఒకే గదిలో ఉండి, అతనితో కలిసి దూరాలు పరుగెత్తిన చిన్నవాడు బిల్ రోజర్స్. ఆ రోజర్స్ 1975 నుండి 1980 లోపల బోస్టన్ పందెం నాలుగుసార్లు గెలిచినాడు. ఒక దీపం నుండి మరొక దీపం వెలిగినట్లు, ఒకరి ప్రక్కన ఒకరు పరుగెత్తడం వల్లనే ఈ విద్య సాగివచ్చినది.

కాని బర్ఫూట్ జీవితంలో గెలుపులకంటె గొప్పది మరొకటి ఉన్నది. గెలవడం మానిన తరువాత కూడ ఆయన మాంచెస్టర్ పండుగ పందెం మానలేదు. 2022లో, డెబ్బదియారవ యేట, వరుసగా అరువదియవసారి దానిని పూర్తిచేసినాడు. ఒకనాడు అందరికంటె ముందు దాటిన గీతను, వేలమంది దాటిపోయిన తరువాత దాటడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. మొదటి స్థానం మీద మాత్రమే మనస్సు నిలిపినవానికి అది సాధ్యంకాదు.

బోస్టన్ పందెపు దారిలో న్యూటన్ అనే చోట 1993లో ఒక విగ్రహం నెలకొల్పినారు. అది మన ఉపాధ్యాయునిది కాదు. ఆయన పేరే కలిగి, ఆయనకు బంధువు కాని మరొక జాన్ కెల్లీది. ఈ పెద్ద కెల్లీ బోస్టన్ మారథాన్‌లో అరువదియొక్కసారి పాల్గొని, ఏబదియెనిమిదిసార్లు పూర్తిచేసినాడు. చివరిసారి 1992లో, ఎనుబదినాలుగవ యేట. విగ్రహంలో ఇద్దరు మనుష్యులు చేయి చేయి పట్టుకొని పరుగెత్తుతుంటారు. ఒకడు ఇరువదియేడేండ్ల యువకుడు. రెండవవాడు ఎనుబదినాలుగేండ్ల వృద్ధుడు. ఇద్దరూ ఆయనే.

మన పాఠశాలలలో ఆటలపోటీలు జరిగినప్పుడు మొదటి ముగ్గురికి బహుమతులిచ్చి, తక్కినవారిని ఇంటికి పంపివేస్తాం. ఉపాధ్యాయులు ఏడాదికి ఒకనాడైనా గడియారం ప్రక్కన పెట్టి, పిల్లలతో కలిసి ఊరి చెరువు గట్టు వరకు పరుగెత్తి చూడవచ్చును. వేగంగా పోలేని పెద్దవాని ప్రక్కన పిల్లవాడు తన అడుగు తానే తగ్గించుకొన్న క్షణంలో ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేనిది ఒకటి నేర్చుకొంటాడు. తన ప్రక్కన నడుస్తున్నది తన రేపటి వయస్సేనని అతనికి అప్పుడు తెలియకపోవచ్చును. తరువాత తెలుస్తుంది.