వరికోత: యంత్రమా? కొడవలియా?

కోతలు సమీపించినప్పుడెల్ల రైతు సోదరులు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, మిషను పెట్టించుట గిట్టుబాటా, కూలీలను పెట్టుట గిట్టుబాటా?" కృష్ణా డెల్టాలో కోతకూలీల కొరత యెల్లరెరిగినదే. కావున యంత్రము వలదని చెప్పువాడను గాను. కాని యంత్రపు బాడుగను, కూలి మొత్తమును ప్రక్కప్రక్కన వ్రాసి, తక్కువయైనదే లాభమని తలచుట పొరపాటు. ధాన్యము అమ్ముడుపోయి రొక్కము చేతికి వచ్చువరకు లెక్క సాగవలెను.

మొదటిది తేమ. కొడవలితో కోసిన పనలు చేనిలో ఆరి కుప్పకు వచ్చును. యంత్రము నిలుచున్న పైరును కోసి, అప్పుడే నూర్చి, పచ్చి ధాన్యము నిచ్చును. ప్రభుత్వపు కొనుగోలులో తేమ 17 శాతమునకు మించరాదని నియమము. 22 శాతము తేమగల 75 కిలోల బస్తా 17 శాతమునకు ఆరునప్పటికి సుమారు 70½ కిలోలే నిలుచును. కనుక పచ్చి బస్తాలు లెక్కించి దిగుబడి పెరిగినదని మురియరాదు. ఆరబెట్టు పట్టాలు, మనుష్యుల ఖర్చు యంత్రపు పద్దులోనే వ్రాయవలెను.

రెండవది గడ్డి. పనలగడ్డి చక్కగా వామికి చేరును. యంత్రము విడిచిన గడ్డిని పోగుచేయుటకు మరల ఖర్చు. తగులబెట్టుదమన్నచో, పశువుల మేతను, భూసారమును గూడ తగులబెట్టినట్లే.

మూడవది మినుము. కోతకు కొద్ది దినములు ముందు వరిచేనిలో మినుము చల్లుట మన ఆచారము. యంత్రపు చైనుల క్రింద ఆ మొలకలు నలిగిపోవును. కోత పిదప చల్లుదమన్న, నేలలో పదను నిలిచియుండవలెను గదా!

ఇక కొడవలి పద్దునకు వత్తము. కూలియు, నూర్పిడియు మాత్రమే గాక, అపాయమును గూడ అందు చేర్చవలెను. మన కోతల కాలమే తుపానుల కాలము. దివిసీమ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19వ తేదీన గదా. పనలమీద వాన పడినచో గింజ మొలకెత్తును. మబ్బు పట్టిన దినమున పూటలో పంటను ఇంటికి చేర్చు యంత్రము బాడుగకు మించిన మేలు చేయును.

ఒంటరి రైతు పిలిచినచో యంత్రము వాడు చెప్పినదే బాడుగ. ఒక కాలువ క్రింది సభ్యులు ఏకకాలమున పండు వంగడము నాటి, కోతకు వారము పది దినములు ముందు కలిసి నీరు తీసివేసి, సంఘము ద్వారా బాడుగ ముందే నిర్ణయించుకొన్నచో ఖర్చు తగ్గును, చేను దిగబడదు.

ఈ యేడు వీలున్నవారు ఒక యెకరము యంత్రముతోను, ఒక యెకరము కొడవలితోను కోయించి, కోత, నూర్పిడి, ఆరబెట్టుట, గడ్డి, మినుము అను 5 పద్దులు వ్రాసి యుంచుడు. వచ్చు కోతలనాటికి మీ ప్రశ్నకు మీ పుస్తకమే బదులు చెప్పగలదు.