బుధవారం రాత్రి పదకొండున్నర

హన్మకొండలో కేయూ క్రాస్‌రోడ్స్ దగ్గర నాదో చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, హాల్‌టికెట్లు, ఉద్యోగాల అప్లికేషన్లతో రోజు గడిచిపోతుంది. ఆన్‌లైన్ కోర్సులు చేసే పిల్లలు మాత్రం బుధవారమే కనిపిస్తారు, అదీ షట్టర్ దించే వేళకు. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్లకు గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59. "అన్నా, ఇంటికాడ నెట్ పోయింది, జర ఒక సిస్టం ఇయ్యవా" అంటూ చెమటలు కక్కుతూ వస్తారు. ఇస్తాను. ఇస్తూ ఒక మాట అంటాను: గడువుల్లో కొన్ని వంగుతాయి, కొన్ని వంగవు. ఏది ఎలాంటిదో తెలుసుకుంటే సగం చెమట తగ్గుతుంది.

ఎన్‌పీటెల్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పాఠాలివి. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు వచ్చాయి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదిక మీద నడుస్తున్నాయి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం నుంచి చేసుకోనివ్వొచ్చు. ఇంజినీరింగ్ పిల్లలు వీటి వెంట పడటానికి ఆ క్రెడిట్లే పెద్ద కారణం.

12 వారాల కోర్సులో వారానికో అసైన్‌మెంట్. మొత్తం నూరు మార్కుల్లో వీటికి 25, చివర్లో సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 తెచ్చుకోవాలి. చాలామంది చదవని లైను ఒకటుంది: 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. అంటే నాలుగు వారాలు పోయినా కొంప మునగదు. "రెండు మిస్సయినయ్ అన్నా, ఇగ దండుగ" అని మూడో వారంలోనే కోర్సు వదిలేసే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫెయిలైన వాళ్లకన్నా ఇలా వదిలేసిన వాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు.

అలాగని ఆ నాలుగు వారాలను క్రికెట్ మ్యాచ్‌లకు ఖర్చు పెట్టొద్దు. ఏటా రెండో సెమిస్టర్ జులైలో మొదలవుతుంది, సరిగ్గా మన వానల్లో. 2023 జులై 27 గుర్తుందా? నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లుంటే అసైన్‌మెంట్ ఎవడికి గుర్తుంటుంది? ఆ నాలుగు వారాలు అలాంటి రోజులకు దాచుకోవాలి.

ఇంకో సౌకర్యం ఉంది. గడువు లోపల అసైన్‌మెంట్‌ను ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయొచ్చు, చివరిసారి పెట్టినదానికే మార్కులు. కాబట్టి ఆదివారమే, వచ్చినంతవరకు జవాబులు పెట్టి ఒకసారి సబ్మిట్ కొట్టేయండి. పాఠాలు పూర్తయ్యాక దిద్ది మళ్లీ కొట్టండి. బుధవారం రాత్రి కరెంటు పోయినా ఆదివారం మార్కులు ఎక్కడికీ పోవు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ పద్ధతి పట్టుకున్నవాళ్లు బుధవారం కనిపించడం మానేశారు. వ్యాపారానికి నష్టమే, ఏం చేస్తాం.

ఇక 'నెట్ పోయింది' అనే మాట. అది ఒక్క రోగం కాదు. రౌటర్ మీద లైట్లు ఆరిపోతే కరెంటు. లైట్లు బాగానే ఉండి 'లాస్' అని రాసిన చోట ఎర్రగా వెలిగితే బయట ఫైబర్ తెగింది. మీరు ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, కంప్లయింట్ ఇచ్చి ఫోన్ హాట్‌స్పాట్ మీదికి మారిపోండి. మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ ఎన్‌పీటెల్ ఒక్కటే తెరుచుకోకపోతే బరువు వాళ్ల సర్వర్ మీద పడింది. రిఫ్రెష్ కొట్టే కొద్దీ ఆ బరువు పెంచేది మీరే. మా పిల్లలు ఈ మూడింటికీ ఒకే మందు వేస్తారు: రౌటర్‌ను పీకి మళ్లీ పెట్టడం. లేచి కాస్త దగ్గరికెళ్లి ఆ లైట్లు చూస్తే పది నిమిషాలు మిగులుతాయి.

ఫైబర్ గురించి ఒక సంగతి. గాజు తీగలో వెళ్లేది వెలుగు, దానికి దారిలో కరెంటు అక్కర్లేదు. వీధంతా చీకటైనా కంపెనీ ఆఫీసులో బ్యాకప్ ఉండి, మీ ఇంటి డబ్బాకు కరెంటు అందితే చాలామందికి నెట్ వస్తుంది. ఆ డబ్బా సాధారణంగా 12 వోల్టులది. రౌటర్ యూపీఎస్ అని చిన్న పెట్టె అమ్ముతారు, రెండు వేలకు అటూ ఇటూగా. మంచిదైతే రెండు మూడు గంటలు లాగుతుంది. స్తంభం మీద కరెంటుతో నడిచే స్విచ్ పెట్టిన కేబుల్ కనెక్షనైతే ఇది పనిచేయదు. కొనేముందు లైన్‌మ్యాన్‌ను అడగండి.

ఫోన్ మీద ఆధారపడేవాళ్లకు: సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పాఠం తిరుగుతూ కూర్చుంటుంది. టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో గీతలు చెబుతాయి, ఆ టవర్ మీద ఎంతమంది వేలాడుతున్నారో చెప్పవు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరంతా దాని మీదే. పొద్దున ఐదింటికి లేచి వారం పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటే అదే టవర్ పరుగెడుతుంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు ఆ వీలుండేది కాదు. కరెంటు పోతే టీవీలో పాఠం ఆగదు కదా, తర్వాత యూట్యూబ్‌లో వెతుక్కోవాల్సిందే. ఇప్పుడు పాఠం మనకోసం ఆగుతుంది, మనం వాడుకోం.

వంగని గడువులకు వద్దాం. పరీక్ష ఫారం చివరి తేదీ అలాంటిది. ఒక్కోసారి పొడిగిస్తారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ ఎక్కువగా కొంప ముంచేది రెండు జీమెయిల్‌లు. ఒకదానితో కోర్సులో చేరి, ఇంకోదానితో ఫారం నింపుతారు. చేరిన మెయిల్‌తోనే ఫారం నింపాలి. పేరు గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం తప్పకుండా అలాగే కొట్టాలి.

తర్వాత ఫీజు. "పైసలు కట్ అయినయ్ అన్నా, పేమెంట్ పెండింగ్ చూపిస్తుంది." యూపీఐలో డబ్బు ఖాతాలోంచి పోయి, కట్టినట్టు అవతలికి కబురు అందకపోతే లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద చొప్పున ఇవ్వాలని 2019లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. డబ్బుకు దిక్కుంది, తేదీకి లేదు. అందుకే ఫీజు కనీసం వారం ముందు కట్టమంటాను. కట్టాక లావాదేవీ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, అదే మెయిల్‌కు పంపి ఉంచుకోమంటాను.

హాల్‌టికెట్ వచ్చాక కలర్ ప్రింట్ కావాలా అని అడుగుతారు. నలుపు తెలుపుదైనా ఫోటో స్పష్టంగా పడితే చాలు, నేనే చెబుతాను. పరీక్ష రోజు అక్కడి సెంటర్‌లో కరెంటు పోతే ఆ తలనొప్పి వాళ్లది.