రొప్పే కుక్క ఎంత పొగ పీలుస్తుంది?

ఉత్తర కాలిఫోర్నియాలో మోటర్‌హోమ్‌లోనే కాపురం పెట్టిన తెలుగు పాఠకుడొకరు ఒక ఈమెయిల్ పంపారు. కొండల అవతల అడవి తగలబడుతోందట. మంట కనబడనంత దూరమే గానీ, పొగ వచ్చి బండి ఆపుకున్న చోటంతా కమ్మేసింది. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. ఆయనకు తోడు ఒక లాబ్రడార్. "మావాడు మామూలుగా నిమిషానికి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడండీ. ఇప్పుడు మూడొందల సార్లు రొప్పుతున్నాడు. అంటే పదిహేను రెట్లు పొగ తాగుతున్నట్టేనా? మాస్కు కొనమంటారా?" అని అడిగారు. ఆ మూడొందలు కూడా ఉజ్జాయింపు కాదు, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెట్టారట. ఇలాంటి పాఠకులంటే నాకు ప్రాణం.

మాస్కు మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను: వద్దు. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. ఆ పదిహేను రెట్ల లెక్కను మాత్రం వదలబుద్ధి కావడం లేదు. చూడడానికి తప్పుపట్టలేని గుణకారం. అయినా తప్పే.

ముందు పొగ సంగతి గబగబా చెప్పేస్తాను. కట్టె కాలితే వచ్చే పొగలో విషవాయువులతో పాటు కంటికి ఆనని నలుసులుంటాయి. వాటిలో ఎక్కువ బరువు 1 మైక్రాన్ కన్నా చిన్న నలుసులదే. వార్తల్లో వినే పీఎం 2.5 లెక్కలోకి ఇవన్నీ వస్తాయి. ఎగిరొచ్చే బూడిద పెద్దది, బరువైనది. అది ముక్కులో మలుపు దగ్గర తిరగలేక గోడకు కొట్టుకుని తడికి అంటుకుపోతుంది. మరీ చిన్న నలుసులు గాలి అణువుల తాకిడికి చిందరవందరగా ఊగుతూ ఏదో ఒక గోడకు తగులుకుంటాయి. అర మైక్రాన్ దగ్గరున్నవి రెండు విధాలా తప్పించుకుంటాయి. అడవి పొగలో బరువంతా దాదాపు అక్కడే ఉండడం మన ఖర్మ. మనిషి ముక్కైనా కుక్క ముక్కైనా వీటిని సరిగా ఆపలేదు.

మోటర్‌హోమ్ అంటే సెలవులకు షికారు తిరిగే బండి అని మన ఊహ. అందరికీ అలా కాదు. 2018 నవంబరు 8న క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసింది. 85 మంది చనిపోయారు, పద్దెనిమిది వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు పక్కనున్న చీకోలో ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్ స్థలంలో గుడారాల్లో, బళ్లలో తలదాచుకున్నారు. అలా మోటర్‌హోమే చాలామందికి నెలల తరబడి ఇల్లయింది. దాని గోడలు పలచన, కిటికీలు ఎక్కువ, సందులు ఇంకా ఎక్కువ. ఎండ పడితే త్వరగా కాగుతుంది, పొగ వస్తే త్వరగా నిండుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. దాని పాదాల మెత్తల్లో చెమట గ్రంథులున్నా, వాటితో ఒళ్లు చల్లబడేది నామమాత్రం. ఎండాకాలంలో నాలుక వేలాడేసి చొంగ కార్చే కుక్కను చూసి "దానికి చెమట నాలుకలోంచి కారుతుంది" అని మనలో చాలామంది అనుకుంటాం. నాలుక సాయం చేసే మాట నిజమే గానీ ముఖ్యమైన పని జరిగేది మనకు కనబడని చోట, ముక్కు లోపల. అక్కడ చుట్టలు చుట్టుకున్న పలచని ఎముకల మీద తడి పొర, దాని కింద దండిగా రక్తం ఉంటాయి. గాలి వాటి మీదుగా పోతుంటే తడి ఆవిరవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ల వేడి పోతుంది. కుక్క బతుకు ఆ లెక్క మీదే నడుస్తుంది.

మరి తడి ఎండిపోదా? ముక్కు పక్కనే ఒక గ్రంథి ఉంది. పదిహేడో శతాబ్దపు డేనిష్ శాస్త్రవేత్త నికొలాస్ స్టెనో పేరు మీద దాన్ని స్టెనో గ్రంథి అంటారు. మూడు వందల ఏళ్లు అది ఉందని తెలుసు, కుక్కలో దేనికుందో తేలలేదు. 1972లో బ్లాట్, టేలర్, హబాల్ అనే ముగ్గురు పరిశోధకులు దాని గుట్టు విప్పారు. వేడి పెరిగిన కొద్దీ ఆ గ్రంథి స్రావమూ పెరుగుతుంది. అంటే మనకు చెమట గ్రంథులు చేసే పనిని కుక్కకు ముక్కులో ఇది చేస్తోంది.

దానికన్నా చక్కటి కిటుకు రెండేళ్ల ముందే బయటపడింది. 1970లో క్నుట్ ష్మిట్-నీల్సన్, బ్రెట్జ్, టేలర్ రొప్పే కుక్క ముక్కు దగ్గరా నోటి దగ్గరా గాలి ఎటు పోతోందో కొలిచారు. పీల్చేది ముక్కుతో, వదిలేది ఎక్కువగా నోటితో. ఎందుకలా? ముక్కుతో పీల్చినప్పుడు లోపలి గోడ చల్లబడుతుంది. వేడెక్కి తడితో నిండిన గాలి మళ్లీ అదే ముక్కులోంచి బయటికొస్తే ఆ చల్లని గోడకు తగిలి తన వేడినీ నీటినీ అక్కడే వదిలేసి పోతుంది. ఎడారిలో బతికే కంగారూ ఎలుకకు కావలసింది సరిగ్గా అదే, దానికి నీరు మిగలాలి. ఎండలో ఉన్న కుక్కకు వేడి బయటికి పోవాలి. అందుకని అది వెనక్కి వచ్చే దారి మార్చేస్తుంది. నోరు తెరిచిందంటే వేడికి బయటి తలుపు తీసిందన్నమాట. మాస్కు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమైందా? మూతికి బిగించి నోరు తెరవనివ్వని ఏ తొడుగైనా ఆ తలుపును మూసేస్తుంది.

ఇది పూర్తి కథ కాదని 1981లో గోల్డ్‌బర్గ్, లాంగ్‌మన్, టేలర్ చూపించారు. కుక్క దగ్గర మూడు పద్ధతులున్నాయి. తీరికగా ఉన్నప్పుడు ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదులుతుంది. వేడెక్కితే ముక్కుతో పీల్చి రెండింటితో వదులుతుంది. ఇంకా వేడెక్కినా, పరుగెత్తినా రెండింటితో పీల్చి రెండింటితో వదులుతుంది. వీళ్లలో మూడో పేరు, టేలర్, ఎవరో గమనించారా? 1970 పరిశోధనలో ఉన్న టేలరే. తన పాత ఫలితాన్ని తానే సవరించుకున్నాడు. పొగ విషయంలో మూడో పద్ధతి మహా చెడ్డది. గాలి నోట్లోంచి లోపలికి పోతే, ముక్కు ఆపగలిగే పెద్ద బూడిద రేణువులకు కూడా దారి దొరుకుతుంది.

మరి నిమిషానికి మూడొందల సార్లు ఛాతీ ఆడించడానికి కండరాలు ఎంత పని చేయాలి! పని చేస్తే వేడి పుడుతుంది. చల్లబడడానికి రొప్పితే ఆ రొప్పుకే వేడెక్కిపోవాలి కదా? ఈ చిక్కుముడిని 1962లో యూజీన్ క్రాఫర్డ్ విప్పాడు. ఊపిరితిత్తులకూ ఛాతీకీ సాగి వెనక్కి వచ్చే గుణం ఉంది, కాబట్టి వాటికంటూ ఒక సహజ లయ ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే వేలితో తోసినా ఊగుతుంది, లయ తప్పితే చేతులు నొప్పెడతాయి. కుక్క ఛాతీ లయ సెకనుకు ఐదు సార్ల చిల్లర, అంటే నిమిషానికి మూడొందల పైన. రొప్పు సరిగ్గా అక్కడే కుదురుకుంటుంది. భౌతికశాస్త్రంలో దీన్నే అనునాదం అంటాం. మన పాఠకుడు ఫోన్‌లో లెక్కపెట్టిన మూడొందలు ఊరికే వచ్చిన అంకె కాదు. అరవై ఏళ్ల కిందటి ప్రయోగాన్ని ఆయన తెలియకుండానే మళ్లీ చేశారు!

ఇప్పుడు పదిహేను రెట్ల లెక్క చూద్దాం. రొప్పే కుక్క ప్రతి ఊపిరినీ నిండుగా తీస్తే పొగ మాట అటుంచి ముందు వేరే ప్రమాదం ఉంది. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అంతా కొట్టుకుపోయి రక్తం క్షారంగా మారుతుంది. అలా జరగకుండా అది పైపైనే గాలి ఆడిస్తుంది. ముక్కు, గొంతు, వాయునాళం కలిసిన దారిలో గాలి నిలుస్తుందే తప్ప రక్తంతో లావాదేవీ ఉండదు. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. రొప్పులో ఒక్కో ఊపిరి దాదాపు ఆ డెడ్ స్పేస్ అంతే ఉంటుంది. పాతిక కిలోల కుక్క తీరికగా ఉన్నప్పుడు ఊపిరికి 300 మిల్లీలీటర్లు పీలుస్తుందనీ, రొప్పేటప్పుడు 130 మిల్లీలీటర్లనీ అనుకుందాం. ఇరవై సార్లకు 6 లీటర్లు, మూడొందల సార్లకు 39 లీటర్లు. పదిహేను రెట్లు కాస్తా ఆరున్నర రెట్లయింది. ఇందులోనూ ఎక్కువ భాగం వాయునాళం దాటకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

అయితే లోతుకు అసలు పోదా? ఒకప్పుడు శాస్త్రవేత్తల లెక్క సూటిగా ఉండేది. డెడ్ స్పేస్‌లోని పాత గాలి పూర్తిగా ముందుకు జరిగితేనే కొత్త గాలి లోపలి గాలి గదులకు చేరుతుందనుకునేవాళ్లు. ఆ లెక్కన డెడ్ స్పేస్ కన్నా చిన్న ఊపిరి తీసే కుక్కకు ఒక్క అణువు ఆక్సిజన్ కూడా అందకూడదు. కుక్కలు మాత్రం హాయిగా రొప్పుతూ బతుకుతున్నాయి. యేల్ విశ్వవిద్యాలయంలో యాండెల్ హెండర్సన్‌కు ఇదే పట్టుకుంది. 1915లో ఆయన బృందం ఒక గాజు గొట్టంలోకి పొగాకు పొగ ఊది చూసింది. పొగ గొట్టం నిండా అడ్డగోడలా కదల్లేదు. మధ్యలో సన్నని మొనై దూసుకుపోయింది, అంచుల దగ్గర వెనకబడింది. ఎంత గట్టిగా ఊదితే మొన అంత సన్నగా, అంత దూరం పోయింది. గోడను రాసుకునే గాలికి నడక తక్కువ, నడిమి గాలికి ఎక్కువ. అందుకే చిన్న ఊపిరిలోనూ కొంత కొత్త గాలి లోతుకు చేరుతుంది.

ఆ ప్రయోగం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కుక్క ఎంత పొగ తాగుతోందని మన పాఠకుడు అడిగారు, హెండర్సన్ ఏకంగా పొగతోనే చేసి చూపించాడు. ఈ ఆలోచనే దశాబ్దాల తర్వాత నెలలు నిండని పసికందులకు సెకనుకు పది, పదిహేను సార్లు చిట్టి చిట్టి ఊపిర్లు పోసే వెంటిలేటర్లకు దారి చూపింది. అంతటి హెండర్సనూ ఒక చోట గట్టిగా బోల్తా పడ్డాడు. శస్త్రచికిత్సలో వచ్చే షాక్‌కు కారణం రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడమేనని ఏళ్ల తరబడి వాదించాడు. అది నిలబడలేదు. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మాత్రం ఆయన మాటకు తిరుగు లేకపోయింది. న్యూయార్క్ హాలండ్ టన్నెల్‌లో కారు పొగ ఎంతవరకు భరించొచ్చో తేల్చింది ఆయన బృందమే. మోటర్‌హోమ్ పక్కన జనరేటర్ నడిపేవాళ్లు ఆ వాయువు పేరు గుర్తుపెట్టుకుంటే మంచిది.

కాబట్టి జవాబు ఇది. పైపైన రొప్పే కుక్క ముక్కుకూ గొంతుకూ పొగ బాగా తగులుతుంది, లోతుకు అంతగా పోదు. కానీ ఆ పైపై రొప్పు బండి మరీ వేడెక్కనంతసేపే. వేడి ఇంకా పెరిగి ఒళ్లు అదుపు తప్పితే ఊపిరి లోతవుతుంది, నోటితో పీల్చడం మొదలవుతుంది. అప్పుడు మన అర మైక్రాన్ నలుసులు నేరుగా గాలి గదుల్లోకే పోతాయి. పొగ నుంచి కుక్కను కాపాడాలంటే ముందు ఉక్క నుంచి కాపాడాలి. పొగకు భయపడి కిటికీలన్నీ బిగించి, ఏసీ లేకుండా కూర్చోవడం అందుకే అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. కుక్క వదిలే ఆవిరితో ఆ చిన్న గదిలో తేమ పెరుగుతుంది, తేమ పెరిగితే ముక్కులో తడి ఆవిరవడం తగ్గుతుంది, అప్పుడు అది ఇంకా రొప్పాలి. నీళ్ల కూలర్ పెడితే రెండు విధాలా నష్టం, బయటి పొగను లాక్కొస్తుంది, తేమా పెంచుతుంది.

పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఈ యంత్రాంగమే ఇరుకు. సెల్‌ఫోన్ ప్రకటనలో పగ్‌ను చూసి ముచ్చటపడి హైదరాబాద్‌లో ఒకదాన్ని కొనుక్కున్నవాళ్లు పొగ లేని రోహిణి కార్తెలో కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఉపాయాలంటారా? బండి పైకప్పు మీది ఏసీ ఎక్కువగా లోపలి గాలినే తిప్పుతుంది. దాన్ని నడపాలంటే కరెంటు కనెక్షన్ ఉన్న చోట బండి ఆపాలి, లేదా జనరేటర్ ఉండాలి, బ్యాటరీతో ఎక్కువసేపు నడవదు. కాలిఫోర్నియాలో గాలులు బలంగా ఉన్న రోజుల్లో, తీగల నుంచి నిప్పు పుడుతుందని కరెంటే ఆపేస్తారు. సరిగ్గా ఏసీ కావలసిన రోజున కరెంటు ఉండదు! పైకప్పు ఫ్యాన్ ఆపేసి దాని మూత బిగించాలి. మామూలు పెట్టె ఫ్యాన్‌కు సన్న నలుసులను పట్టే మెర్వ్-13 ఫిల్టరు టేపుతో అతికించి లోపల తిప్పితే చిన్న గది కాబట్టి తేడా త్వరగా తెలుస్తుంది. లక్షల డాలర్ల బండిలో గోడ సైజు టీవీ, ఉత్తుత్తి కరెంటు పొయ్యి అమర్చేవాళ్లకు ఒక మంచి ఫిల్టరు పెట్టే చోటు మాత్రం దొరకదు. ఎందుకో నాకు అంతుపట్టదు.

ఆ పాఠకుడికి నా మాట: కుక్క పొట్టనూ పాదాలనూ తడిపి ఫ్యాన్ గాలి తగలనివ్వండి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, నడకలు ఆపేయండి. నిద్రపోతున్నప్పుడు కూడా ఊపిరి నిమిషానికి ముప్పై దాటుతుంటే, చిగుళ్లు నీలం తిరిగితే, తూలుతుంటే వెంటనే పశువైద్యుడికి చూపించండి. ఖాళీ చేయమని ప్రకటన వచ్చేదాకా ఆగొద్దు, ఇరుకు కొండదారిలో అంత పెద్ద బండిని వెనక్కి తిప్పడం ఆఖరి గంటలో కష్టం. మీ ఇంటికి చక్రాలున్నాయి, పొగ లేని ఊరికి ఇవాళే బయలుదేరండి.