సామాన్యునికి గుట్టెందుకు?

“కూలి చేసికొని బ్రదుకువానికి దాచుకొనదగిన రహస్యమేమున్నది?” అని పంచాయతీ పెద్దలు సైతము కొందరు అడుగుచుందురు. ధనికుని ఇనప్పెట్టెకు తాళము కావలెను గాని, కాట్రేనికోన మండలమున బలుసుతిప్ప జాలరికి తాళమేల యని వారి భావము. మా అభిప్రాయము వేరు. ధనికుడు పోయిన సొమ్మును వకీలును పెట్టి రాబట్టుకొనగలడు. ఏప్రిలు 15 మొదలు 61 దినముల వేట నిషేధమున భృతిపై ఆధారపడు కుటుంబమునకు ఆ సొమ్మే పోయినచో పొయ్యి వెలుగుటయే కష్టము.

పూర్వము వేలిముద్ర సంతకమునకు మారుగా నుండెడిది. నేడు అది ఖాతాకు తాళపుచెవి. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర కలిసినచో ఊరిలోని చిన్న యంత్రముపైననే సొమ్ము తీయవచ్చును. 2018లో తెలంగాణమున ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునందలి భూమి దస్తావేజుల నుండి వేలిముద్రలను తీసి, రబ్బరు ముద్రలు చేసి, అన్యుల పేర సిమ్ కార్డులను నడిపించెను. ఆ రైతులు ఎవ్వరికిని ఏ రహస్యమును చెప్పలేదు. దస్తావేజుపై వేలు వేసిరి, అంతే. తాళము పోయిన మార్చుకొందుము. వేలిని మార్చుట యెట్లు?

ఇక జాబితాల మాట. 2017లో బెంగుళూరునందలి ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులను పరిశీలించి, సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయట పడియున్నవని అంచనా వేసెను. వానిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది రెండవది.

అట్లని జాబితాలనే దాచుట తగదు. ఎవరికెంత కూలి ముట్టినదో గ్రామసభలో చదువకున్నచో దొంగ మస్తర్లు పుట్టును. పేరు, పనిదినములు, సొమ్ము ఊరు తెలిసికొనవలసినవి. ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య ఆ మనిషి సొత్తు. నిబంధనలు అనుమతించినచో తప్ప ఆధార్ సంఖ్యను బహిరంగపరుపరాదని 2016 ఆధార్ చట్టము 29వ సెక్షను చెప్పుచున్నది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ హక్కు జాలరిదియును.

కావున నోటీసు బోర్డుపై జాబితా అంటించుటకు ముందు, వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెట్టుటకు ముందు, ఆ సంఖ్యలను సిరాతో కొట్టివేయవలెను. ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళము వేయు వీలు కలదు. అయితే వేలిముద్ర వేయవలసిన పని పడినపుడు మరల తెరచుకొనవలెను. సొమ్ము పోయినదని తెలిసిన తక్షణమే 1930కు ఫోను చేయింపుడు. ఆలస్యమైనకొలది అది చేతులు మారుచునే యుండును.